మదనపల్లె నుంచి కుప్పం దాకా, నొప్పుల్లేకుండా

సైకిల్ మీద దూరం పోవాలనుకునేవాళ్ళు నన్ను మొదట అడిగే మాట, ఏ కంపెనీది కొనమంటారని. నేను తిరిగి అడిగేది ఇంకొకటి. ఇప్పుడున్న సైకిల్ తొక్కితే మీకు ఎక్కడ నొప్పి పుడుతోంది? పిర్రలా, మోకాళ్ళా, నడుమా, అరచేతులా? అది తేల్చుకోకుండా పాతిక వేలు పోసి కొత్త బండి తెచ్చుకుంటే పాత నొప్పి కూడా దానిమీదెక్కి వెంట వస్తుంది.

పుంగనూరులో మా నాయనకు సైకిల్ షాపు ఉండేది. పంచర్లు వెయ్యడం, రిమ్ముల బెండు తియ్యడం, గంటల లెక్కన అద్దెకివ్వడం, విడిభాగాలుగా వచ్చిన కొత్త సైకిళ్ళు బిగించి అమ్మడం ఆయన పని. బిగించిన సైకిల్‌ను డబ్బు తీసుకోగానే అప్పజెప్పేవాడు కాదు. మనిషిని ఎక్కించి, గోడ పట్టుకోమని, పెడల్ వెనక్కి తిప్పించి చూసి, పానాతో సీటు అరంగుళం పైకో కిందికో జరిపి, వీధి చివరిదాకా తొక్కి రమ్మనేవాడు. వచ్చాక మళ్ళీ జరిపేవాడు. రోజూ పాల క్యాన్లు కట్టుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళంటే కారణం ఆ అరంగుళమే. నేను బడిలో లెక్కలు చెప్తాను, సెలవులొస్తే ఈ మిట్టల మీద సైకిల్ తొక్కుతాను. దూరప్రయాణానికి సుఖం కొనుక్కొచ్చేది తక్కువ, బిగించుకునేది ఎక్కువ అని నాకు గట్టి నమ్మకం.

మొన్న సంక్రాంతి సెలవుల్లో కుప్పంలో చదువుకునే అమ్మాయి ఒకామె గేర్ల సైకిల్ తోసుకుంటూ వచ్చింది. "ఎక్కుడు తొక్కితే మోకాలి చిప్ప ముందర పోటు వస్తోందక్కా, గేరు చెడిపోయిందా?" అంది. గేర్లు శుభ్రంగా ఉన్నాయి. సీటే బాగా కిందికి ఉంది. కూర్చున్న చోటి నుంచే రెండు పాదాలూ నేలకానాలని చాలామంది అట్లా పెట్టించుకుంటారు. అప్పుడు ప్రతి తొక్కుడుకీ మోకాలు అతిగా మడుచుకుని, భారమంతా చిప్ప మీద పడుతుంది. గోడ పట్టుకుని సీటెక్కమన్నాను. మడమను పెడల్ మీద పెట్టి, ఆ పెడల్‌ను అడుగుకు తెమ్మన్నాను. అక్కడ కాలు నిటారుగా చాపుకోవాలి. ఆమె మోకాలు ఇంకా బాగా వంగే ఉంది. బోల్టు వదులుచేసి, కొంచెం కొంచెంగా సీటు పైకి తీసి, కాలు సాగిన చోట బిగించాను. తొక్కేటప్పుడు పెడల్ మీద ఉండేది వేళ్ళ వెనకాల మెత్త కాబట్టి, అడుగుకు వచ్చినప్పుడు మోకాలు పాతిక ముప్పై డిగ్రీలు వంగి ఉంటుంది. కావలసింది అంతే.

"ఇంత ఎత్తైతే ఆగినప్పుడు కాలెట్లా పెట్టేదక్కా?" అని భయపడింది. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగి నిలబడాలి, సీటు మీద కూర్చునే ఆగకూడదు. ఈ ఒక్క అలవాటు వస్తే ఎత్తు భయం పోతుంది. వీధిలో నాలుగుసార్లు దిగి ఎక్కి చూసుకుంది.

లెక్క కావాలనేవాళ్ళకు ఒక లెక్క ఉంది. చెప్పుల్లేకుండా గోడకు ఆని నిలబడి, అట్టపుస్తకాన్ని కాళ్ళ మధ్య సీటులాగా పైకి నొక్కి, దాని పై అంచు నుంచి నేలకు ఎన్ని సెంటీమీటర్లో కొలవండి. దాన్ని 0.883తో హెచ్చించండి. పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు నడిమి నుంచి సీటు పైదాకా ఉండాల్సిన దూరం అది. 75 సెంటీమీటర్లు వచ్చినవాళ్ళకు 66 వస్తుంది. 1986, 1989, 1990లలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరు మీద ఈ లెక్క ప్రచారంలోకి వచ్చింది. మొదలుపెట్టడానికి ఇది చాలు. ఆపైన మోకాలు చెప్పే మాటే వినాలి. ముందర నొస్తే సీటు కొంచెం పైకి, వెనకాల నరం లాగితే కొంచెం కిందికి. ఒకసారికి అరసెంటీమీటరు మించి జరపొద్దు, రెండు మూడు రోజులు తొక్కాకే మళ్ళీ పానా పట్టండి.

ఎత్తు కుదిరాక ముందు వెనకల సంగతి. పురికొసకు బరువైన నట్టు ఒకటి కట్టండి. సీటు మీద మామూలుగా కూర్చుని, పెడల్ కడ్డీలను నేలకు సమాంతరంగా పెట్టి, ముందున్న మోకాలి చిప్ప కింది నుంచి ఆ పురికొస వేలాడదీయాలి. ఎవరైనా పక్కన కూర్చుని చూస్తే, దారం పెడల్ ఇరుసు మీదుగా గానీ, ఒక పిసరు వెనగ్గా గానీ దిగాలి. బాగా ముందుకు దిగితే సీటును వెనక్కి జరపాలి. సీటు మాత్రం చదునుగా ఉండాలి. నొక్కుకుంటోందని ముక్కును కిందికి వంచేస్తారు కొందరు. దాంతో ఒళ్ళంతా ముందుకు జారి చేతుల మీద పడుతుంది, సాయంత్రానికి మణికట్లు పట్టేస్తాయి.

ఇక మెత్తదనం. షాపులో బొటనవేలితో నొక్కి చూసి మెత్తగా ఉంటే మంచి సీటని తీసుకునేవాళ్ళే ఎక్కువ. ఊళ్ళో కూరగాయలకు పోయి రావడానికి అది సరిపోతుంది. గంట దాటితే మెత్త అణిగిపోయి పక్కలకు ఉబికి, ఒత్తుకోకూడని చోట ఒత్తుకుంటుంది. మన బరువు మోయాల్సింది పిరుదుల కింద ఉన్న రెండు ఎముకలు. అవి ఎంత ఎడంగా ఉన్నాయో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గీతలు గీతలుగా ఉండే అట్టపెట్టె ముక్కను గట్టి బల్ల మీద వేసి, మోకాళ్ళు కాస్త పైకెత్తి, రెండు నిమిషాలు కూర్చుని లేవండి. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే రెండు గుంటలు కనిపిస్తాయి. వాటి నడి భాగాల మధ్య దూరానికి రెండు సెంటీమీటర్లు కలిపితే, సీటు వెనకభాగం ఉండాల్సిన వెడల్పు సుమారుగా వస్తుంది. ఆడవాళ్ళకు ఇది సాధారణంగా ఎక్కువ. చాలా సైకిళ్ళకు ముందుగా బిగించి వచ్చేవి మగవాళ్ళ కొలతల సీట్లు, అందుకే మాలో ఎందరో నాలుగు రోజులు తొక్కి, ఇది మనవల్ల కాదని సైకిల్‌ను గోడకానించేస్తారు. తప్పు వాళ్ళ ఒంటిది కాదు. సీటు మార్చండి, అది సైకిల్లో తక్కువ ఖర్చుతో మారేవాటిలో ఒకటి.

బట్టల విషయం పెద్దలెవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. జీన్స్ కుట్లు తొడల సందులో ఒరుసుకుని రెండోరోజుకు మంట పుట్టిస్తాయి. లోపల మెత్త ఉన్న సైకిల్ నిక్కరు వేసుకుని, దానిమీద వదులు ప్యాంటో చుడీదారో వేసుకోవచ్చు. ఆ నిక్కరు కింద మళ్ళీ లోదుస్తులు వెయ్యకూడదు, ఒరుసుకునేది వాటి కుట్లే. తొడల దగ్గర కొంచెం కొబ్బరినూనె రాసుకుంటే మంచిది. చున్నీ మాత్రం సంచిలో పెట్టెయ్యండి, చైనులోనో చక్రంలోనో పడితే ప్రాణం మీదికి వస్తుంది.

హ్యాండిల్ దగ్గర నేను చూసేది చిటికెన వేలూ దాని పక్క వేలూ. ఆ రెండూ తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి అంచున ఉండే నరం నలుగుతోందని. హ్యాండిల్‌ను సీటంత ఎత్తుకో, ఇంకాస్త పైకో తేవాలి. చాలా సైకిళ్ళలో హ్యాండిల్‌ను పట్టి ఉంచే మెడ భాగాన్ని తిరగేసి బిగించినా, పొట్టిది వేసినా, ఒళ్ళు వంగడం తగ్గుతుంది. నిటారుగా కూర్చుంటే ఇంకా మేలు కదా అంటారు. పాత నల్ల సైకిళ్ళలో అట్లాగే కూర్చుంటాం, కానీ అప్పుడు బరువంతా పిర్రల మీదే పడుతుంది. ఆ సీట్ల కింద అంతలావు స్ప్రింగులు ఎందుకున్నాయనుకున్నారు? దూరానికి సగం వంపు మంచిది. మోచేతులు బిగదీసుకోకుండా వదులుగా ఉండాలి, చేతులు పెట్టుకోవడానికి రెండు మూడు చోట్లుండాలి. హ్యాండిల్ చివర్లకు చిన్న కొమ్ములు బిగించుకుంటే ఎక్కుడు మీద పట్టు మార్చుకోవచ్చు.

గేర్ల దగ్గరికి వస్తే మన ప్రాంతంలో రాజీ పడకూడదు. మదనపల్లె సముద్రమట్టానికి ఏడు వందల మీటర్ల దగ్గర ఉంది, హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. కొండదాకా పోకపోయినా, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం దారంతా మిట్టా పల్లమే. చెరువు కట్ట దగ్గరికి దిగడం, మళ్ళీ గుట్ట పక్కకు ఎక్కడం. మామూలు నల్ల సైకిల్లో ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు అనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి అయిదు మీటర్ల పైచిలుకు పోతుంది. చదునులో బ్రహ్మాండం. బరువుతో ఎక్కుడుకు వస్తే దిగి తోసుకోవడమే. గేర్ల సైకిల్లో ముందు చిన్న పళ్ళచక్రం 28, వెనక పెద్దది 34 అయితే ఒక చుట్టుకు రెండు మీటర్లకు లోపే కదులుతుంది. మెల్లగా పోతాం, కానీ కూర్చునే పోతాం. కొనేటప్పుడు గేర్లు ఇరవై ఒకటా, ఇరవై నాలుగా అని లెక్కపెట్టడం కంటే, ముందు చిన్నదాని పళ్ళు వెనక పెద్దదాని కంటే తక్కువగా ఉన్నాయా అని చూడండి. తక్కువుంటే ఈ మిట్టలకు పనికొస్తుంది.

చిన్న గేరు వెయ్యడం చేతగానితనమని మగపిల్లలు ఇప్పటికీ అనుకుంటారు. ఈ పట్టింపు కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో పాల్ ద వివీ అనే ఆయన, వెలోసియో అన్న పేరుతో రాస్తూ, దూరప్రయాణానికి గేర్లు కావాలని పోరాడాడు. 1902లో అక్కడి టూరింగ్ క్లబ్బు కొండదారుల్లో పెట్టిన పోటీలో, మార్త్ హెస్ అనే ఆమె మూడు గేర్ల సైకిల్ మీద కాలు కింద పెట్టకుండా ఎక్కేసి, ఒకే గేరు మీద తొక్కిన ఛాంపియన్‌ను దాటింది. అయినా టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ గేర్లు నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళకే అని రాశాడు. చైనును ఒక పళ్ళచక్రం మీంచి ఇంకోదానికి మార్చే గేర్లను ఆ పందెంలోకి రానిచ్చింది 1937లో. పందెగాళ్ళ పట్టింపు వాళ్ళది. మన మోకాళ్ళు మనకు కావాలి. నిమిషానికి డెబ్బై ఎనభై చుట్లు తేలిగ్గా తిరిగే గేరులో పోతే, సాయంత్రం మెట్లెక్కేటప్పుడు తేడా తెలుస్తుంది.

గేర్లు లేకుండా దూరం పోలేమని నేననడం లేదు. 1923 అక్టోబరులో బొంబాయి నుంచి ఆరుగురు పార్శీ యువకులు సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టడానికి బయల్దేరారు. ఆది హకీమ్, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా అనే ముగ్గురు 1928లో చుట్టి వచ్చారు. వాళ్ళ గుండె ధైర్యానికి దండం పెడతాను. ఈనాడు దొరికే సౌకర్యాన్ని వద్దనడానికి మాత్రం దాన్ని సాకు చేసుకోవద్దు.

ముందు ఫోర్కులో స్ప్రింగులున్న సైకిళ్ళను షాపులవాళ్ళు గొప్పగా చూపిస్తారు. తక్కువ ధరలో వచ్చే ఆ ఫోర్కులు బరువెక్కువ, ఎక్కుడులో నిలబడి తొక్కితే మన బలాన్ని అవే తినేస్తాయి. తారు రోడ్డు మీద కుదుపు తగ్గించేది వెడల్పు టైరు. 38 నుంచి 45 మిల్లీమీటర్ల టైరు మన రోడ్లకు బాగుంటుంది. దాని పక్కన రాసిన గాలి లెక్క గరిష్ఠం మాత్రమే, అంత కొట్టనక్కర్లేదు. సామానుతో కలిపి మధ్యరకం బరువుకు వెనక 50, ముందు 40 పౌండ్ల దగ్గర మొదలుపెట్టి, ఒళ్ళు కుదిపితే కొంచెం తగ్గించుకోండి. గుంటలో పడ్డప్పుడు రిమ్ము తగిలితే కొంచెం పెంచండి.

పంచర్ల గురించి చెప్పాలంటే ఈ ప్రాంతంలో మొదట పల్లేరు కాయను చెప్పాలి. రోడ్డు పక్క మట్టిలో పాకే తీగ, పసుపుపచ్చ చిన్న పువ్వు, ఎండితే ముళ్ళకాయ. ఏ పక్కకు పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. సర్కారు తుమ్మ ముల్లు ఇంకా పొడవు. టీకి ఆగినప్పుడు సైకిల్‌ను తారు మీంచి దించి మట్టిలోకి తొక్కకండి, ఎత్తి పెట్టండి. పంచరైతే ట్యూబు మార్చి ఊరుకుంటే కిలోమీటరులో మళ్ళీ దిగిపోతుంది, ఎందుకంటే ముల్లు మొన టైరులోనే విరిగి ఉంటుంది. టైరు లోపలి వైపు వేళ్ళతో మెల్లగా తడమాలి. వేళ్ళకు తగలకపోతే దూది ఉండను చుట్టూ తిప్పాలి, ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ ముల్లుంది. పిన్నీసుతో బయటికి నెట్టి, అప్పుడు ట్యూబు వెయ్యాలి. మా నాయన పాలవాళ్ళ సైకిళ్ళకు పాత ట్యూబును నిలువునా కోసి, టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య పట్టీలా పరిచేవాడు. బరువు కొంచెం పెరుగుతుంది, సగం ముళ్ళు ఆ పట్టీలోనే ఆగిపోతాయి. ఖర్చు లేని పద్ధతి, నేనిప్పటికీ అదే వాడతాను.

ట్యూబు కొనేటప్పుడు గాలి కొట్టే నాళం ఎట్లాంటిదో చూసుకోండి. మోటార్ సైకిల్‌కు ఉండే రకమైతే ప్రతి ఊళ్ళోనూ పంచరు షాపులో గాలి దొరుకుతుంది. సన్నని ఫ్రెంచి రకమైతే దాని తొడుగు ఒకటి జేబులో ఉండాలి, లేకపోతే కంప్రెసరు పక్కనే నిలబడి కూడా గాలి లేకుండా ఉంటాం.

సామాను వీపున మోయొద్దు. వీపు సంచి బరువు నడుము మీదుగా సీటుకు దిగి, పైన చెప్పిన సర్దుబాటంతా పాడు చేస్తుంది. పాలాయన క్యాన్లు ఎట్లా కడతాడో చూడండి, క్యారియర్‌కు రెండు పక్కలా, కిందికి, సరిసమానంగా. దూరప్రయాణపు సంచులూ అదే సూత్రం మీద కుడతారు. బరువైనవి అడుగున, చక్రం ఇరుసుకు దగ్గరగా. చేతి కాటాకు తగిలించి రెండు సంచులూ తూచుకోండి, అన్నీ కలిపి పది పన్నెండు కిలోలు దాటనివ్వొద్దు. సంచి కొక్కేలను నమ్మకుండా పాత ట్యూబు రబ్బరుతో ఒక చుట్టు బిగించాలి, పెడల్ తొక్కినప్పుడు మడమ సంచికి తగలకూడదు. బరువు పడేది వెనక చక్రం మీద కాబట్టి బయల్దేరే ముందు దాని స్పోకులు ఒక్కొక్కటీ వేలితో మీటి చూడండి, వదులుగా మోగినదాన్ని బిగించి బెండు తీయించాలి. రెండు ట్యూబులు, అంటింపు సామాను, పంపు, అలెన్ కీలు, స్పోకు కీ, చైను అతికే లింకు, ఒక జత బ్రేకు రబ్బర్లు, ముందూ వెనకా లైట్లు తప్పకుండా ఉండాలి. చెనిక్కాయలు, బెల్లం, ఉప్పు చక్కెర పొడి ప్యాకెట్లు జేబులో పెట్టుకుంటే దారిలో నీరసం రాదు.

మదనపల్లె నుంచి కుప్పం 42వ నంబరు జాతీయ రహదారి మీద నూరు కిలోమీటర్లు దాటుతుంది. కొత్తవాళ్ళు పలమనేరులో రాత్రి ఆగి, రెండు రోజుల్లో పోవడం నయం. టమాటా కాలంలో మదనపల్లె మార్కెట్టు చుట్టూ లారీలూ ఆటోలూ కిక్కిరిసి ఉంటాయి, వాటికంటే ముందే ఊరు దాటాలి. పుంగనూరులో టిఫిను, కావాలంటే పొట్టి ఆవులను చూసి పోవచ్చు. పలమనేరు నుంచి మాత్రం పొద్దు పొడిచాకే బయల్దేరండి, పొద్దు వాలక ముందే ఊళ్ళోకి చేరండి. 1990లో ఏర్పాటైన కౌండిన్య అభయారణ్యం అటువైపే ఉంది. పలమనేరు, కుప్పం పరిసరాల్లో ఏనుగులు పొలాల మీదికి రావడం మామూలు విషయం, వాటిని మళ్ళించడానికి 2025లో కర్ణాటక నుంచి తర్ఫీదు పొందిన కుంకీ ఏనుగులను కూడా తెచ్చారు. సైకిల్‌కు చప్పుడుండదు, దగ్గరికి పోయేదాకా మన రాక వాటికి తెలియదు. ఈ విషయంలో ధైర్యం చూపించొద్దు. దారి ఎట్లా ఉందో టీ కొట్టు దగ్గర అడిగి, వాళ్ళు ఆగమంటే ఆగండి.

కుప్పం బెంగళూరు, జోలార్‌పేట రైలు మార్గంలో ఉంది కాబట్టి తిరుగు ప్రయాణానికి రైలెక్కొచ్చు. సైకిల్‌ను పార్సిల్ ఆఫీసులో బుక్ చేయించాలి, రైలు అక్కడ ఎక్కువసేపు ఆగదు కనుక గంటన్నర ముందు పోవాలి. సీటు విప్పే ముందు దాని రాడ్డుకు, ఫ్రేము అంచు దగ్గర, టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి, కుదిరిన ఎత్తు పోకుండా ఉంటుంది. పెడళ్ళు విప్పాల్సి వస్తే కుడిది మామూలుగానే వస్తుంది, ఎడమ పెడల్ మర మాత్రం తిరగబడి ఉంటుంది. దానికి పానాను మామూలుకు ఎదురువైపు తిప్పండి.